బూడిదరంగు చుక్క

మేనేజరు గారి కంప్యూటర్ తెర మీద అసలు పనికి చోటే లేదు. ఓ మూల గడియారం, పక్కన క్యాలెండర్, దాని కింద వాతావరణం. అన్నీ విడ్జెట్లే. ఆయన వీపు వెనకే పెద్ద కిటికీ ఉంది. తల తిప్పితే ఆకాశం కనిపిస్తుంది. తిప్పితే కదా!

ఓ ఉదయం, ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఆవిడ తడిసి ముద్దై వచ్చింది.

“వాన సార్. బస్సు దొరకలేదు.”

“వానెక్కడిదమ్మా? ఇక్కడ ఎండ అని చూపిస్తుంటే!” అన్నాడు తెర మీద నుంచి కళ్లు తీయకుండా. వెనక కిటికీ అద్దం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. అదీ ఆయన తెలివి.

ఈ మధ్య ఇంకో ముచ్చట తీర్చుకున్నాడు. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ తలా ఒక చుక్క, ఒక నంబరు చూపించే విడ్జెట్ అది. కీబోర్డో మౌసో కదులుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే బూడిదరంగుకి మారుతుంది. దాన్ని పెట్టిన మెకానిక్ “ఈ నంబర్లున్నాయే సార్...” అని ఏదో చెప్పబోయాడు.

“అంకెలు నాకొచ్చులేవయ్యా, నువ్వెళ్లు.”

తలుపు దగ్గర మొదటి కుర్చీ ఫోన్ల ఆవిడది. అంటే ఒకటో నంబరు ఆవిడే. ఇందులో చెప్పడానికేముంది?

అప్పట్నుంచి తన అద్దాల గదిలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, రోజంతా ఆ చుక్కల్నే చూస్తూ కూర్చునేవాడు. హాల్లోకి తొంగి చూడటం మానేశాడు. మనుషుల పేర్లు కూడా మర్చిపోయాడు. “మూడూ! ఏంటి, నిద్రా?” అని గదిలోంచే కేక. మూడో కుర్చీలో మనిషి టైపు చేస్తూ చేస్తూ ఉలిక్కిపడేవాడు.

ఒకటో నంబరు మాత్రం ఎప్పుడు చూసినా బూడిదే.

ఇంతలో హెడ్డాఫీసు ఖర్చు తగ్గించాలంది. ఒక సీటు తీసేస్తాం, ఎవరిదో చెప్పమంది. మేనేజరు ఫోన్ల ఆవిడని పిలిచి, బూడిదరంగు చుక్క చూపించి, నీ సీటే తీసేస్తున్నామన్నాడు.

“పొద్దున్నుంచి టైపు చేస్తూనే ఉన్నాను సార్. వచ్చిన ఫిర్యాదులన్నీ నేనే ఎక్కిస్తున్నాను. ఒక్కసారి బయటికొచ్చి చూడండి.”

“నేను రావడం దేనికి? అంతా ఇక్కడే కనిపిస్తోంది. ఇది అబద్ధం చెప్తుందా?”

“ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే సార్.”

“మరైతే ఒళ్లు వంచి పనిచెయ్యాల్సింది.”

ఆవిడ బయటికి వెళ్లగానే హెడ్డాఫీసుకి రాసి పంపాడు. ‘ఒకటో నంబరు శుద్ధ దండగ. వెంటనే తీసేయండి.’ పేరు రాయలేదు. రాద్దామన్నా గుర్తుంటేగా! హెడ్డాఫీసు వాళ్లూ ఆయన బాపతే. అదే విడ్జెట్ వాళ్ల తెర మీదా ఉంది. నంబరు చూశారు, బూడిదరంగు చూశారు, సరేనన్నారు.

మర్నాడు సీటు ఖాళీ చేయించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. ఆవిడ అప్పటికే సొరుగులో సామాను సంచిలో సర్దుకుని లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది. గదిలోంచి మేనేజరు కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.

వాళ్లు చేతిలోని ఆర్డరు చూసుకుని, ఆవిడని దాటుకుంటూ నేరుగా అద్దాల గదిలోకి నడిచి, ఆయన కంప్యూటర్ వెనక మెకానిక్ అంటించిన ‘1’ అనే చీటీని సరిచూసుకుని, “లేవండి సార్” అన్నారు.