నిమిషానికే మూసుకున్న పేజీ

పట్టాల వెబ్‌సైటు నడిపే మీరు బిట్లను బైట్లనుకున్నారు. శిక్ష మాత్రం మా తండా సోనికి వేశారు.

అత్త కాలం నుంచి దున్నుతున్న రెండెకరాల అడవి పోడు భూమికి పట్టా ఇమ్మని, కొత్తగూడ ఇంటర్నెట్ సెంటర్లో ఆమె కాగితాలు ఎక్కించబోయింది. అవి నలభై మెగాబైట్లు. అక్కడి లైను సెకనుకు ఒక మెగాబిట్. నలభై సెకన్లు చాలనుకుని మీరు పేజీకి నిమిషమే ఇచ్చారు. బైటుకు ఎనిమిది బిట్లు కదా! ఐదు నిమిషాలు దాటుతుంది.

నిమిషానికి పేజీ మూసుకుంది. ఏడోసారీ అంతే.

“జర జల్ది ఒత్తక్కా,” అన్నాడు సెంటర్ నడిపే చిరంజీవి.

“ఇంకెంత జల్ది ఒత్తాలె తమ్మీ? మిరపకాయలేరే చేతి ఏళ్లు ఇవి!”

సాయంత్రం ఐదుకు ఆఖరి గడువు పోయింది. ‘దరఖాస్తుదారు అలసత్వం’ అని మీ జవాబొచ్చింది.

మా డిమాండ్లు ఇవీ:

పేజీకి పది నిమిషాలివ్వండి.

సోని దరఖాస్తు మళ్లీ తీసుకోండి.

‘అలసత్వం’ అన్న మాట కొట్టేయండి.

తప్పు మీదేనని తండాకొచ్చి ఆమెకే చెప్పండి. మేం చెబితే నమ్మడం లేదు. ఇంటి గోడ మీద వేలితో ఇంకా గబగబా ఒత్తడం నేర్చుకుంటోంది.