నూటికొక ముద్ద

ఎర్రచీమలన్నీ కలిసి కొత్త పుట్ట కడుతున్నాయి. వాటిలో ఒక ఆచారం ఉందండోయ్. గోడలకి మోసిన ప్రతి నూరు మట్టిముద్దల్లో ఒకటి కుమ్మరిపురుగుకి ఇవ్వాలి. అది వాకిట్లో అందరూ చూసుకునేలా ఒక బొమ్మ చేస్తుంది.

ఈసారి పెద్దచీమ అడ్డం తిరిగింది. "బొమ్మని తింటామా, కప్పుకుంటామా? ఆ ముద్దలు కూడా నా గది గోడకే వెయ్యండి!"

"అలాగంటే ఎలా బాబూ? నాకొచ్చిన పని ఇదొక్కటే," అంది కుమ్మరిపురుగు దిగులుగా.

బొమ్మ లేకుండానే పుట్ట పూర్తయింది. సాయంత్రమైతే చాలు, చీమలన్నీ పిల్లాపాపలతో పక్క పుట్ట వాకిట్లోని మట్టి ఏనుగు దగ్గరికి కబుర్లకి పోతున్నాయి. వాటిని నాలుగు తిట్టి తీసుకొద్దామని వెళ్ళిన పెద్దచీమ, తనూ నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

మర్నాడు తన గది గోడలోంచి ఒక ముద్ద పీకి కుమ్మరిపురుగు దగ్గరికి తెచ్చి, "ఒరే, నా బొమ్మ చెయ్యరా. నడుం కాస్త సన్నగా ఉండాలి," అంది సిగ్గుపడుతూ.

"ఒక్క ముద్దకి మీ మీసాలే వస్తాయండి."

ఇంకేముంది, గోడంతా పీకి ఇచ్చేసింది! ఇప్పుడు వాకిట్లో బొమ్మ దర్జాగా నిలబడింది. వానొస్తే మాత్రం పెద్దచీమ దాని కాళ్ళ సందునే తలదాచుకుంటోంది.