ఏడడుగులకు సాక్షి

“వాళ్లిద్దరూ ఏడడుగులు వేస్తుంటే నువ్వు చూశావామ్మా?”

గుంటూరు నుంచి వచ్చిన డిఫెన్సు లాయరు అనంతకృష్ణ, చంటిపిల్లను బుజ్జగించినట్టు అడిగాడు.

“లేదండీ. ఆ పెళ్లికి నాకు శుభలేఖ వేస్తారేంటండీ?” అంది రత్నమ్మ.

కోర్టుహాలు గొల్లుమంది. బోనులో నిలబడ్డ ఆమె మొగుడు వెంకటకృష్ణారావు కూడా నవ్వాడు.

“పోనీ, చూసినవాళ్లెవరైనా ఉన్నారా?”

పెళ్లి చేయించిన పురోహితుడు పోయాడు. ఫొటోలు తీసిన స్టూడియో మూసేశారు. ఆ భోజనాలు తిన్నవాళ్లెవరికీ ఇప్పుడు గుర్తు లేదు.

“అసలు రెండో పెళ్లే జరగలేదు సార్,” అనంతకృష్ణ మేజిస్ట్రేటు వైపు తిరిగాడు. “ఆవిడెవరో నా క్లయింటు ఇంట్లో ఊరికే ఉంటోంది. అంతే.”

వెంకటకృష్ణారావు అవునన్నట్టు తలూపాడు.

కోర్టులోంచి రత్నమ్మ తిన్నగా లా కాలేజీకి వెళ్లింది. ఇలాంటప్పుడు ఆమెకు తోచే చోటు అదొక్కటే. శాంభవి మేడమ్ గది.

రెండేళ్ల కిందట కంకిపాడులో షామియానా వేసి ఆడవాళ్లకు ఉచితంగా న్యాయసలహా చెబుతుంటే రత్నమ్మ మొదటిసారి ఆమెను చూసింది. కాలేజీలో పాఠాలు చెప్పుకునే ప్రొఫెసరుకి ఈ ఎండలో ఏం పని అనుకుంది. అప్పటికే ఆమె చుట్టూ నలభై మంది ఉన్నారు. నాన్న పొలంలో వాటా రానివాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, మొగుళ్లు వదిలేసినవాళ్లు. ఒక్కొక్కరి మాటా వింటూ ఆవిడ రాసుకుంటోంది.

రత్నమ్మ తన కథ చెప్పింది. వ్యాపారమని బెజవాడ వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. గన్నవరంలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడెవరో, పేరేమిటో కూడా తెలియదు. పైగా, పెళ్లామే ఎవడితోనో లేచిపోయిందని ఊరంతా చాటించాడు.

“భరణం వద్దండీ. నా గేదెలు నాకున్నాయి. వాడు ఊచలు లెక్కపెట్టాలి. నేను లేచిపోలేదని మా ఊళ్లో తెలియాలి.”

“ఆయన పేరు?”

చెప్పింది. రాస్తున్న కలం ఆగింది.

“ఇంటిపేరు మళ్లీ చెప్పండి.”

మళ్లీ చెప్పింది. మేడమ్ ఆ పేరు కింద గీత గీసి, “ఈ కేసు నేను చూస్తాను. కానీ నేనున్నానని ఎవ్వరికీ చెప్పకండి,” అంది.

తన దగ్గర చదువుకున్న శ్రీదుర్గ చేత కేసు వేయించింది. తను మాత్రం ఏ వాయిదాకీ రాలేదు. ఎంత చనువున్నా రత్నమ్మను ఒక్కసారీ ఇంటికి రమ్మనలేదు. ఆ సంగతి రత్నమ్మకు లోపల ముల్లులా ఉండేది. అయినా మనిషి మామూలుది కాదు. “రేపటి వాయిదాకి నడుం పట్టేసిందని రాడు, మీరు పనిమానుకుని వెళ్లకండి,” అనేది. అలాగే రాలేదనేవాళ్లు. లా చదివితే ఇవన్నీ తెలుస్తాయి కాబోలు అనుకునేది రత్నమ్మ.

“వాణ్ణి సరేనండీ. దాని మొహం కూడా ఒక్కసారి చూడాలి. చూసి ఉమ్మాలి,” అనేది అప్పుడప్పుడూ.

“చూద్దురుగాని,” అనేది మేడమ్.

ఈరోజు గదిలోకి అడుగుపెట్టగానే రత్నమ్మ కుర్చీలో కూలబడింది.

“పోయిందండీ. సాక్షి లేకపోతే కేసు లేదంట. ఆవిడ ఊరికే ఉంటోందంట.”

మేడమ్ దిద్దుతున్న పేపరు పక్కన పెట్టింది.

“ఎవరన్నారు?”

“లాయరండీ. ఈయన తలూపాడు.”

“తలూపాడా? మీరు చూశారా?”

“ఈ రెండు కళ్లతో చూశాను. ఇన్నాళ్లూ దాన్ని తిట్టిపోశాను గానీ, ఆ మాట వింటే నాకే ఒళ్లు మండిందండీ. తాళి కట్టి తెచ్చుకున్నదాన్ని పట్టుకుని అంత మాటా!”

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద కాలవలో నీళ్లు నిండుగా పోతున్నాయి.

“రత్నమ్మగారూ, పండకముందే కొడవలి పెడితే తాలే వస్తుంది. అందుకే ఇన్నాళ్లూ ఆగాను,” అంది. “ఇప్పుడు పండింది. సాక్షి దొరికింది.”

“ఎవరండీ? పురోహితుడి కొడుకా?”

“వాయిదా నాడు చూద్దురుగాని.”

వాయిదా రోజు శ్రీదుర్గ లేచి, అదనంగా ఒక సాక్షి ఉన్నారని చెప్పింది. అనంతకృష్ణ అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. “రానివ్వండి. చూద్దాం,” అన్నాడు.

తలుపు తోసుకుని శాంభవి మేడమ్ లోపలికి వచ్చింది. వెనకబల్లల మీద కూర్చున్న నల్లకోట్లు కొన్ని గబగబా లేచి నిలబడ్డాయి. అంతా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. బోనులో వెంకటకృష్ణారావు మొహం మీది నవ్వు గుప్పున ఆరిపోయింది. మేడమ్ పేరుకే హడలిపోతున్నాడని రత్నమ్మకు కడుపు నిండినట్టయింది.

ఆమె వెనక ఎవరొస్తారా అని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. తిరిగి చూసేసరికి మేడమ్ సాక్షిబోను మెట్లెక్కుతోంది.

ప్రమాణం అయ్యాక శ్రీదుర్గ అడిగింది.

“ముద్దాయిని మీరెరుగుదురా మేడమ్?”

“ఎరుగుదును,” అంది శాంభవి, వెంకటకృష్ణారావు కళ్లలోకి సూటిగా చూస్తూ. “గన్నవరం కల్యాణమండపంలో ఆయన చిటికెనవేలు పట్టుకుని ఏడడుగులూ వేసింది నేనే.”