సున్నా తూకం

“ముందు సున్నా చెయ్యండి కాంగ్. సీసా బరువు కూడా కలిపేస్తారా ఏంటి?”

బల్లకి అవతల చేతులు కట్టుకుని కూర్చుంది ఇమాస్. మొగుణ్ణి “కాంగ్” అనడం ఆమెకి, పెళ్ళాన్ని “నెంగ్” అనడం యాయత్‌కి అలవాటు. యాయత్ నాలుక కరుచుకుని కాటా మీద గుండీ నొక్కాడు. అంకెలు సున్నాకి వచ్చాయి.

ఆ కాటా ఇమాస్‌ది. ఆర్డరు కేకుల్లో వేసే ఈస్టూ ఎసెన్సూ తూయడానికి కొనుక్కుంది. గ్రాములో నూరో వంతు తేడా కూడా పట్టేస్తుంది. ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే యాయత్ తన ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో, అదే వేప్‌లో, పోసుకునే ద్రవం కూడా దాని మీదే తూగుతోంది.

ఇండోనేషియాలోని లెంబాంగ్ ఊళ్ళో సంత వెనక బైకులకి రంగులు వేసే యాయత్‌కి తూకమంటే ప్రాణం. రంగైనా తూకమే, వేప్ ద్రవమైనా తూకమే. చుక్కలు లెక్కపెట్టి కలిపేవాళ్ళని చూస్తే అతనికి ఒళ్ళు మంట. “చుక్కల లెక్క కళ్ళమందు వేసుకునేవాళ్ళకిరా” అని స్నేహితుల్ని ఏడిపిస్తాడు.

అంత మొనగాడూ కూతురి దగ్గర లొంగిపోయాడు. కడుపుతో ఉన్నప్పుడే లిలిస్ తేల్చి చెప్పేసింది.

“బాపా, నీ పొగలో నికోటిన్ ఉన్నన్నాళ్ళూ నీ మనవణ్ణి నీ ఒళ్ళో పెట్టను. ఆ తర్వాత నీ ఇష్టం.”

ఆ రోజే నికోటిన్‌ని మిల్లీలీటరుకి పన్నెండు మిల్లీగ్రాముల నుంచి వారానికి అర చొప్పున తగ్గించాలని నిర్ణయమైంది. నికోటిన్ సీసా ఇమాస్ బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. పిల్లవాడికి ఇప్పుడు నలభై రోజులు. ఇవాళే మొదటిసారి తాతగారింటికి వస్తున్నాడు. ఇవాళే సున్నా.

యాయత్ చేతికి తొడుగులు వేసుకుని, ఇమాస్ కేకుల్లోకీ తన వేప్‌లోకీ పనికొచ్చే గ్లిజరిన్ పోశాడు. డబ్బా అడుగంటింది.

“అదేంటి నెంగ్, పోయిన వారమేగా కొత్త డబ్బా తెచ్చావు?”

“పెళ్ళిళ్ళ రోజులు కదా. ఐసింగు ఎండిపోకుండా వెయ్యొద్దూ? మీరు అంకెలు చూడండి.”

సువాసన కోసం పాండాన్ ఆకు ఎసెన్సు రెండు గ్రాములు పడింది. ఇమాస్ నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో “నికోటిన్: 0.00” అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

“షెడ్డులో పనుంది, ఇప్పుడే వస్తా” అని యాయత్ సీసా జేబులో వేసుకుని బయటపడ్డాడు.

షెడ్డులో పసుప్పచ్చ రంగు డబ్బా వెనక ఇంకో సీసా ఉంది. ఈ నియమం మొదలైన వారమే స్నేహితుడి దగ్గర రహస్యంగా తెచ్చుకున్న నికోటిన్ అది. ప్రతి ఆదివారం భార్య ముందు బుద్ధిగా తూచడం, ఇక్కడికొచ్చి పది చుక్కలు కలుపుకోవడం. కాటా వంటింట్లో ఉండిపోతుంది కాబట్టి చుక్కల లెక్కే గతి. పైగా చుక్కలతో ఒక సుఖముంది, సీసా తరిగినట్టే ఉండదు. మూడు నెలల కిందట ఎందుకో వారం పాటు తలనొప్పి, చిరాకు. పది చుక్కల్ని పన్నెండు చేశాక సర్దుకుంది.

సిరంజిలోకి లాగాడు. మొదట్లో సర్రున వచ్చేది, ఈమధ్య మొండికేస్తోంది. చలికి చిక్కబడిందిలే అనుకుని పన్నెండు చుక్కలు వేసి, కలిపి, ఒక్క దమ్ము లాగాడు. ప్రాణం లేచొచ్చింది. నికోటిన్ అంటే నికోటినే!

వీధిలో కారు హారన్ మోగింది.

హాల్లో పసుపన్నం గోపురంలా పేర్చి ఉంది. లిలిస్ తెల్లటి మూటలా ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని నోటు పుస్తకం చూస్తోంది. ఎర్ర సున్నా చూసి ఆమె కళ్ళు చెమర్చాయి.

“సాధించావు బాపా! నీ వల్ల కాదనుకున్నా. పట్టుకో, వీడు నీవాడు.”

యాయత్ చేతులు చాచాడు. పిల్లవాడు అతని చూపుడు వేలు గట్టిగా పట్టుకున్నాడు. యాయత్ వేలు మెల్లగా విడిపించుకుని వెనక్కి తగ్గాడు.

“వద్దమ్మా. నాకా అర్హత లేదు.”

గబగబా షెడ్డుకెళ్ళి, దొంగ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉన్నదంతా చెప్పేశాడు. లిలిస్ ముఖం వాడిపోయింది. బిడ్డని గుండెకి హత్తుకుంది.

ఇమాస్ మాత్రం నింపాదిగా అడిగింది. “వారానికి ఎన్ని గ్రాములు వేసేవారు?”

“గ్రాములు కాదు...” యాయత్ తల దించుకున్నాడు. “చుక్కలు.”

“చుక్కలా! మీరా!” ఇమాస్ పకపకా నవ్వింది. “అయ్యో కాంగ్, ఒక్క ఆదివారమైనా దీన్ని కాటా ఎక్కించి ఉంటే ఈ ఏడుపు తప్పేది.”

ఆమె కాటా మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేసింది. దొంగ సీసాలోంచి సిరంజితో సరిగ్గా ఒక మిల్లీలీటరు లాగి, గిన్నెలో వదిలింది.

“నికోటిన్ అయితే ఎంత తూగాలి?”

“మనం వాడే రకం ఒక గ్రాము, పైన కాస్త.”

“మరి ఎంతుందో చదవండి.”

“ఒకటీ పాయింట్ ఇరవయ్యారు.” యాయత్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఆ అంకె అతనికి కంఠతా వచ్చు.

ఇమాస్ కూతురి చేతుల్లోంచి మనవణ్ణి తీసుకుని, నిలువుగుడ్లేసుకుని కూర్చున్న మొగుడి ఒళ్ళో పడుకోబెట్టింది.

“ఆ సీసాలో మూడు నెలలుగా నేను పోసి పెడుతున్నది నా కేకుల గ్లిజరినే.”