ఉడుత చూపించని జీడిపప్పు

వాగొడ్డున ఇప్పచెట్టుకి వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో ఒక ఉడుత అద్దెకుండేది. పురుగులున్న కొమ్మ చూపించడమే అద్దె. తొలకరి మబ్బు కమ్మగానే దాని గుండెల్లో రాయి పడింది.

"గాలికి కొమ్మ విరిగితే నా సామాను గతేమిటి?" అని పిట్టనడిగింది.

"తొర్ర నాది. పోతే ఇంకోటి తొలుచుకుంటాను. లోపలి సామాను నీది, నాకు సంబంధం లేదు. చీమల దగ్గరికి వెళ్లు," అంది పిట్ట.

చీమలకి గుట్టమీద ఉమ్మడి గాదె ఉంది. పున్నమికో గింజ అందులో వేసేవాళ్ల ఇల్లు కూలితే, పోయినదంతా చీమలే తెచ్చిస్తాయి. కాకపోతే ఉన్నదేమిటో ముందే వచ్చి కళ్లారా చూసుకుంటాయి.

ఆ మాటతో ఉడుతకి కొత్త భయం పట్టుకుంది. చూసినవాళ్లు ఊరుకుంటారా? కాకి చెవిన పడితే అడవంతా తన తొర్రమీదే పడదూ? అందుకని వానాకాలానికి కూడబెట్టిన జీడిపప్పునీ, పుట్టబోయే పిల్లలకని పేర్చిన బూరుగుదూదినీ తొర్రలోనే ఆకుల కింద కప్పెట్టి, గాదెలో గింజ వేసి, చూడవచ్చిన చీమలకి నాలుగు చింతపిక్కలు మాత్రం చూపించింది.

"ఇంతేనా తల్లీ?" అంది చీమల పెద్ద.

"నాబోటి దానికి ఇంకేముంటాయమ్మా," అంది ఉడుత.

ఆ వారమే గాలివానకి కొమ్మ విరిగి, తొర్రతో సహా వాగులో కొట్టుకుపోయింది. ఉడుత ప్రాణాలతో బయటపడింది. వాన వెలవగానే చీమలు బారులు తీరి వచ్చి, నాలుగు చింతపిక్కలు దాని ముందు పెట్టాయి.

"ఏమీ తగ్గలేదు కదా, చూసుకో తల్లీ," అంది చీమల పెద్ద.

ఉడుత చూసుకుంది. పోయినవాటికోసం ఏడుద్దామన్నా, అవి ఉండేవని ఎరిగినవాళ్లు అడవిలో ఒక్కరూ లేరు.