పదకొండు సెకన్ల కేక

"ఇది కేక కాదయ్యా, ఆవులింత!"

డబ్బింగ్ మేడమ్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది.

తెర మీద వైకింగ్ వీరుడు నోరు తెరుచుకుని ఆగిపోయి ఉన్నాడు. చేతిలో నెత్తుటి గొడ్డలి, కాళ్ల దగ్గర తన తండ్రిని చంపినవాడి శవం. చిన్నప్పటి పగ తీర్చుకోవడానికి మంచు సముద్రాలు దాటి వచ్చినవాడు, చివర్లో పదకొండు సెకన్లు అరుస్తాడు. జనం ఎగబడి వచ్చేదే ఆ అరుపు కోసం.

హీరోకి డబ్బింగ్ చెప్పేవాడికి మూడు రోజులుగా యుద్ధాల సీన్లకి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. పొద్దుటి నుంచి తొమ్మిది మంది అరిచారు. ఒక్కటీ అతకలేదు.

ఆరింటికల్లా సినిమా అప్పగించకపోతే స్టూడియోకి తాళం పడ్డట్టే. గడియారం ఐదు దాటింది. మేడమ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే తలుపు సందులోంచి ఒక నెరిసిన తల లోపలికి వచ్చింది.

"అమ్మా, ఈ ఉత్తరం..."

"అక్కడ పెట్టు. తర్వాత చూస్తా!"

ఉత్తరం పెట్టాడు గానీ మనిషి కదల్లేదు. తెర వంకే చూస్తున్నాడు.

"ఆయన గెలిచినట్టు లేడమ్మా," అన్నాడు మెల్లగా.

సౌండ్ ఇంజనీరు పకపకా నవ్వాడు. "వచ్చాడండీ పదోవాడు! నువ్వూ అరుస్తావా పెద్దాయనా?"

మేడమ్‌కి నవ్వే ఓపిక కూడా లేదు.

"ఎప్పుడైనా నాటకాలు వేశావా?"

"లేదమ్మా."

"సరే, మైకు ముందు నిలబడు. అతని నోరు మూతపడేదాకా నీ గొంతు ఆగకూడదు."

అతను అరిచాడు.

గర్జనలా మొదలైంది. మధ్యలో ఎక్కడో విరిగింది. చివరికి వచ్చేసరికి సంతలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపైపోయింది.

ఇంజనీరు నవ్వు ఆగిపోయింది. మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"ఓకే! ఇదే! కలిపెయ్ తొందరగా!"

గదంతా గోల మొదలైంది. ఆ గోలలోనే అతను అడిగాడు.

"తర్వాత ఆయనేం చేస్తాడమ్మా?"

"ఎవరు?"

"ఆ గొడ్డలాయన."

"ఏం చేస్తాడు? పగ తీరింది, సినిమా అయిపోయింది. శుభం కార్డు పడుతుంది."

"అంతేనా?"

"అంతే. నువ్వు బయట కూర్చో, పిలుస్తా."

ఆరుకి ఐదు నిమిషాల ముందు సినిమా చేతులు మారింది. అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. అప్పుడు గుర్తొచ్చాడు మేడమ్‌కి.

వరండాలో బెంచీ ఖాళీగా ఉంది.

"ఎవరూ పిలవకపోతే నేనే పంపేశానండీ," అన్నాడు వాచ్‌మన్. "ఎటు పోవాలో తెలీనట్టు గేటు దగ్గర చాలాసేపు నిలబడి, వెళ్లిపోయాడు."

మేడమ్ వీధిలోకి పరుగెత్తింది. అటూ ఇటూ చూసింది. ఆఫీసులు వదిలిన వేళ, అంతా జనమే.

తిరిగి వచ్చి, టీ గ్లాసు కింద ఉన్న ఉత్తరం తీసింది. ఎన్ని తలుపులు తిరిగిందో, మడతల దగ్గర చిరిగిపోయింది. కింద జైలు ముద్ర ఉంది.

"తండ్రిని చంపినవాణ్ణి చంపిన నేరానికి ఇరవై రెండేళ్ల శిక్ష ముగించుకుని విడుదలైన ఇతనికి, ఇక ముందు ఏం చేయాలో తెలియదు, దయచేసి ఏదైనా పని ఇవ్వగలరు."