పాదు మొదట్లో తడి

"ఈ తడి యాడిది?"

తిప్పయ్య బీరపాదు మొదట్లో వేళ్లు గుచ్చి పైకి తీశాడు. వేళ్లకు నల్లటి బురద అంటుకుంది.

యాభై రెండో సంవత్సరం కరువు అది. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో చేలు నెర్రెలిచ్చి, జనం గంజి కేంద్రం ముందు బారులు తీరిన ఏడు. అలాంటప్పుడు మేరాజ్ బీ ఇంటి వెనక గోడంతా పాకి బీరతీగ పచ్చగా, పూలతో, కాయలతో ఊగుతోంది.

"ఇంటికి ఒక కడవే గదా పోస్తాండేది. దాంట్లో పాదుకు యాడ మిగిలింది నీకు?"

"మిగల్లేదన్నా. సగం తాగేకి, సగం వంటకు. గిన్నెలు బూడిదతో తుడిచి పెడతాండా. కావాలంటే లోపలికొచ్చి చూసుకో."

ఊళ్లో నీళ్లున్న బావి ఒక్కటే. దాని చేంతాడు తిప్పయ్య ఇంట్లో ఉంటుంది. గిలకకు నూనె పూసేదీ, కడవలు నింపేదీ ఆయనే. సొంత తమ్ముడికైనా ఒక చెంబు ఎక్కువ పొయ్యడు. బాలింత ఉన్న ఇంటికి మాత్రం రెండో కడవ. అది ఊరు పెట్టుకున్న కట్టుబాటు.

తిప్పయ్య వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"ఆముదం! నేను గిలకకు పూసే ఆముదం. చేంతాటి నుంచి కారి నీళ్లలో కలిసింటాది. ఇవి మా బావి నీళ్లే."

"ఊళ్లో ఇంకో బావి ఉంటే గదా అన్నా."

"ఎగతాళా? ఎవరు తోడి పోస్తాండారో చెప్పు. చెప్పకపోతే ఇప్పుడే పెరికేస్తా."

తీగ మీద పడబోయిన ఆయన చేతికి మేరాజ్ బీ అడ్డం నిలబడింది. బక్కపలచని మనిషి. గొంతు మాత్రం వణకలేదు.

"ముందు నన్ను పెరుకు. పోయిన కానుపులో నా జుబేదాకు పథ్యం కూర లేకపోయె. వట్టి రొట్టె, కారం తిని పాలు ఎండిపోయినాయి. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండినాయి. ఈ తూరి నా కూతురు బీరకాయ కూరే తింటాది. ఈ పాదు ఎండదు."

లోపల జుబేదాబీ దగ్గు వినిపించింది. తిప్పయ్య చెయ్యి దించాడు. పట్టు మాత్రం వదల్లేదు.

ఆ రోజు నుంచి ఆయన దొంగ కోసం మాటు వేశాడు. బావి చుట్టూ బూడిద చల్లించాడు. ఒక్క అడుగు పడలేదు. మేకల కాపరి ఓబన్నను కాపలా పెట్టాడు. నీళ్లు తాగడానికి వచ్చిన కుక్కను తప్ప ఎవరినీ చూడలేదని ఓబన్న ప్రమాణం చేశాడు. అయినా తెల్లారి చూస్తే పాదు మొదట్లో తడి. ఆయనకు అన్నం సయించలేదు.

అలాగని మేరాజ్ బీ గడప తొక్కకుండా ఉండే వీలూ లేదు. మంత్రసానిగా ఊళ్లో బిడ్డలందరినీ పైకి తీసిన చెయ్యి ఆమెది. చంటిబిడ్డలకు స్నానం పొయ్యాలన్నా ఆమే పొయ్యాలి. ఇదివరకు ఇంటింటికీ తిరిగి పోసేది. ఈ ఏడు మోకాళ్లు పట్టేశాయని, బిడ్డనూ నీళ్లనూ తన దగ్గరికే తెచ్చుకోమంది. గాలి తగలకూడదని ఇంట్లో మూల బండ మీద కూర్చుని, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని పోసేది. ఆ వేళ మగవాళ్లు లోపలికి రానే కూడదు. తిప్పయ్య కోడలు బాలింత. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. ఆయనే సాయంత్రం రెండో కడవ ఆమె అరుగు మీద దించి వెళ్లి, మనవణ్ణి ఎత్తుకొచ్చి అప్పగించి, అరుగు మీద కూర్చునేవాడు. కాసేపటికి గుడ్డలో చుట్టిన బిడ్డ సాంబ్రాణి పొగ వాసనతో చేతికొచ్చేవాడు. ఆ పనికి మేరాజ్ బీ గింజ కూడా పుచ్చుకునేది కాదు.

చివరికి తిప్పయ్య నలుగురినీ బావి దగ్గర కూర్చోబెట్టాడు.

"రేపు పొద్దున పాదు పెరికేస్తాం. దానికి నీళ్లు మోసినోడు ఎవడైనా సరే, వాని ఇంటికి వారం రోజులు కడవ బంద్."

"ఎవరైనా సరేనా?" అంది మేరాజ్ బీ.

"నా తోడబుట్టినోడైనా సరే."

"మాట మీద నిలబడితే చాలన్నా."

ఆ సాయంత్రం మామూలుగానే కడవ వచ్చింది, బిడ్డ వచ్చాడు. లోపల స్నానం జరుగుతున్నంత సేపూ తిప్పయ్య అరుగు మీద మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. రేపటితో దొంగ ఆట కట్టు.

మేరాజ్ బీ బిడ్డతో పాటు ఒక లేత బీరకాయ తెచ్చింది.

"నీ కోడలి పథ్యానికి."

"దొంగనీళ్ల కాయ మా గడప తొక్కదు."

"తొక్కకపోతే మానె. ఈ పొద్దు సాంబ్రాణి పొగ వెయ్యలేదు. బిడ్డను బాగా దగ్గరికి పట్టుకుని పో."

ఆమె కాయను అరుగు మీదే పెట్టి లోపలికి వెళ్లింది. తిప్పయ్య మనవణ్ణి భుజాన వేసుకున్నాడు. తడి ఆరని చిన్న తల ఆయన ముక్కుకు తగిలింది. గుప్పున ఆముదం వాసన. ఆయన అడుగు ఆగిపోయింది. ఇంటి వెనక, బీరాకుల గుబురులో, గోడ కింది తూము నుంచి నీళ్లు ఇంకా సన్నగా కారుతున్నాయి.

రోజూ ఆ పాదుకు నీళ్లు మోసింది తనే.